తెరిస్తే తెల్లవారే ఊరు

గుల్లపేట,
మార్చి, సోమవారం.

బుల్లీ,

ఉత్తరం చూసి గాభరా పడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఈ రాతలేటి అంటావని తెలుసు. ఫోనులో నువ్వు "అమ్మా" అంటావు, నేను "ఆఁ" అంటాను, ఆ తరవాత ఇద్దరం ఊరుకుంటాం. నీ వైపు హాస్టలు పిల్లల కేకలు, నా వైపు అలల హోరు, మధ్యలో మీ అన్న వినోద్. కార్తీకంలో వాడి తెప్ప తిరగబడిన దగ్గర్నించీ ఇదే వరస. కాగితం మీదయితే నా ఏడుపు నీకు వినపడదు. నేను చదివింది అయిదో తరగతే. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నిన్న అటక దులుపుతుంటే వినోద్ కొన్న అట్టపెట్టెలు దొరికాయి. నీతో కలిసి ఆటల కంప్యూటరు కడతానని మొదలెట్టాడే, ఆ సామాన్లు. ఒకటి ఇటుకలా బరువుగా ఉంది. ఒకటి పలక లాగా ఉంది, దాని నిండా ముళ్ళూ గీతలూ. ఇంకొకటి పల్చగా, అరచేతిలో పట్టేసేటంత. మీ అయ్య అవి చూసి, "కొన్న షాపుకే తిరిగిచ్చీ. ఇప్పుడవి ఎవుడాడతాడు? పోయినోడొచ్చి ఆడతాడేటి?" అన్నాడు. వెళ్ళి వల ముందు కూర్చున్నాడు గానీ చేతిలో దారం కదల్లేదు.

నాకు ఒకటే ఆశ బుల్లీ. పోయే ముందు వారం అన్నం తింటూ మీ అన్న, "అమ్మా, ఆటలో నీకు మేడ కట్టేసినాను. కంప్యూటరొచ్చినాక సూపిస్తాను. నువ్వే ముందు కుడికాలెట్టాల" అన్నాడు. "నీ ఆటలో మేడ మీద నా కాలెలా పడతాదిరా, పిచ్చోడా" అని నవ్వాను. అప్పుడు నవ్వాను గానీ ఇప్పుడు ఆ మేడే కళ్ళ ముందు తిరుగుతోంది. వాడు నాకోసం కట్టింది లోకంలో అదొక్కటే. అది ఎక్కడుంది? ఈ సామాన్లలోనే ఉందా? నేను చూడాలి.

వాడు మొదలెట్టింది మనం పూర్తి చేద్దాం. గ్రూపులో నా పొదుపు ఉంది. నలభై వేలు దాటకుండా చూడు. ఇంకా ఏమేం కావాలో, ఏది ఎందుకో, నాకు అర్థమయ్యేట్టు రాయి. ఏడాదికే మూలన పడేది వద్దు. చాలా కాలం నిలవాలి. నేను ఉన్నంత కాలమూ నిలవాలి.

మీ అమ్మ,
లక్ష్మణమ్మ.

•

విజయనగరం,
పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టలు,
మార్చి నెలాఖరు.

అమ్మా,

నీ ఉత్తరం వార్డెనమ్మ అందరి ముందూ ఇచ్చింది. ఇక మా గదిలో పిల్లలు ఒకటే గోల. యమున అయితే కవరు లాక్కుని వాసన చూసి, "ఒసే, నీ లవ్వరు సేపలమ్ముతాడేటే?" అంది. మా అమ్మే అని చెప్తే కవరు తిరిగిచ్చేసింది.

నువ్వడిగావు కాబట్టి చెప్తాను. ఇటుకలాంటిది ఎస్ఎంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలకి ఎవరికెంత కావాలో అంత పంచుతుంది. బయటికి కనిపించదని అందరూ అక్కడే కక్కుర్తి పడతారు. చవకది కాలితే ఒక్కటే పోదు, మిగతా అన్నిటినీ తీసుకుని పోతుంది. అన్నయ్య మంచిదే కొన్నాడు. పలకలాంటిది మదర్‌బోర్డు. మిగతా భాగాలన్నీ దాని మీదే ఎక్కి కూర్చోవాలి. కొత్త రకం సాకెట్ ఉన్నది ఏరాడు, ఇంకో నాలుగేళ్ళ తరవాత వచ్చే ప్రాసెసరు, అంటే కంప్యూటరు బుర్ర, కూడా అందులో పడుతుంది. అంటే కంప్యూటరు పాతబడినా మొత్తం పారేయక్కర్లేదు, ఒక్క భాగం మారిస్తే చాలు. చాలా కాలం నిలవాలంటే చెయ్యాల్సింది అదే.

మూడోది, అరచేతిలో పట్టేది, డిస్కు. అన్నయ్య వేరావల్ వలస వెళ్ళి అక్కడ బోట్ల మీద పనిచేసినప్పుడు తెచ్చిన పాత లాప్‌టాప్ గుర్తుందా? అది చచ్చిపోయాక ఇక్కడ కోట దగ్గర కంప్యూటర్ల షాపు ఈశ్వర్ గారు దాని కడుపులోంచి తీసిచ్చారు. ఆటలో మేమిద్దరం కట్టిన ఊరు అందులో ఉంది. నీ మేడా అందులోనే. ఇంకో కాపీ ఎక్కడా లేదు. దాన్ని మాత్రం జాగ్రత్తగా చూడు.

ఇక కొనాల్సినవి. అన్నిటికంటే ఖరీదైనది గ్రాఫిక్స్ కార్డు, తెర మీద బొమ్మలు గీసేది. మన డబ్బంతా అదే మింగేస్తుంది. కాబట్టి అది ఇప్పుడు వద్దు. బొమ్మలు కూడా తనే గీసుకోగల ప్రాసెసరు తీసుకుందాం, మా ఆటలో ఊరికి అది చాలు. కార్డు చోటు ఖాళీగా ఉంచుదాం, నాకు ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. ర్యామ్, అంటే చేస్తున్న పని గుర్తుంచుకునేది, రెండు ముక్కలు పెట్టి, ఇంకో రెండిటికి చోటు వదులుదాం. డబ్బా గాలి బాగా ఆడేది తీసుకోవాలి, లైట్లున్నది కాదు. తెర సెకండ్‌హ్యాండుదే చాలు.

తొందరేం లేదమ్మా. నాకు పరీక్షలున్నాయి. తరవాత చూద్దాం.

దేవి.

•

గుల్లపేట,
ఏప్రిల్.

బుల్లీ,

నువ్వు రాసింది తాతమ్మకి చదివి వినిపించాను. మన పక్కింటి ముసల్ది తెలుసు కదా, ఏదీ ఊరికే విననివ్వదు. మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి, "అందరూ ఎక్కి కూకునేది అమ్మ మీదేనన్నమాట, కంప్యూటర్లో కూడాను" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే, నేను నవ్వుతున్నానేమిటి అనిపించింది.

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపించేశారు. తెప్పలన్నీ ఒడ్డు మీద బోర్లా పడి ఉన్నాయి. నేను రేవుకి వెళ్ళటం మానేసి చాలా కాలమయింది, నీకు చెప్పలేదు. వేట ఉన్నన్నాళ్ళూ చేపలు మీ అయ్యే దాలయ్య ఆటోకి ఎత్తించాడు. నీళ్ళవైపు నా ముఖం తిరగటం లేదు. వెనక కిటికీకి గోనె కట్టేశాను. చప్పుడు మాత్రం ఆగదు.

చోటు ఖాళీగా వదిలి, చేతిలో డబ్బున్నప్పుడు పెద్దది పెట్టుకోవచ్చన్న మాట నాకు నచ్చింది. తెప్ప చేయించినప్పుడు మీ అయ్య కూడా అంతే, పెద్ద ఇంజనుకి చోటు వదిలించాడు. కంప్యూటర్లో చోటు వదిలే మాట ఆయనకి చెప్తే, "అవునా? అలాగ సేసినాడా?" అన్నాడు, అది కూడా మీ అన్నే చేసినట్టు. సామాన్లు తిరిగిచ్చెయ్యమని మళ్ళీ అనలేదు.

మొన్న మధ్యాన్నం గుమ్మంలో కునుకు పట్టింది. కలలో వినోద్ మెట్లెక్కుతున్నాడు. తెల్లటి మెట్లు. ఎక్కడా బురద లేదు, ఇసక లేదు. వాడి చొక్కా పొడిగా ఉంది. జుట్టు గాలికి ఎగురుతోంది. నేను కింద నిలబడి, "తల తుడుసుకున్నావేట్రా?" అన్నాను. వెనక్కి తిరిగి, "తడవనేదు కదే అమ్మా" అన్నాడు. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు ఆ మాటే నిజమనుకున్నాను. మీరిద్దరూ కట్టిన ఊళ్ళో అలాంటి మెట్లున్నాయా? మేడ ఎలా ఉంటుందో రాయవే. సామాన్ల గురించి అంత రాశావు గానీ మేడ గురించి ఒక్క ముక్క లేదు.

వస్తువులకి బెంగ పెట్టుకోకు. అట్టపెట్టెలకి చెదలు పడతాయని పైవి తీసేసి, మన పద్ధతిలో గట్టిగా దాచాను. ఏళ్ళ తరబడి నిలవుంటాయి.

అమ్మ.

•

విజయనగరం,
జూన్.

అమ్మా,

పరీక్షలైపోయాయి. సెలవులకి ఇంటికి రమ్మని ఫోనులో అన్నావు. ఈశ్వర్ గారి షాపులో పనికి కుదిరాను, అందుకని రాలేకపోయాను. అది ఒక కారణం. ఇంకో కారణం అడక్కు.

షాపులో నా పని కంప్యూటర్లు విప్పి దుమ్ము దులపటం. ఈశ్వర్ గారు అస్తమానం తిడతారు. "నెమ్మదిగా అమ్మా, అది పనసకాయ కాదు" అంటారు. అక్కడ పాత స్టాకులో మన ప్రాసెసరు తక్కువకి దొరికింది. వారంటీ ఉంది, తీసేసుకున్నాను. ర్యామూ తీసుకున్నాను. రెండూ నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

మేడ గురించి రాస్తాను. రాయలేక కాదు ఊరుకున్నది.

ఆ ఊరు మొదట్లో ఉత్త కొండా, సముద్రమూ. మనుషులు లేరు. అక్కడ ఏది కావాలన్నా మనమే రాయి కొట్టి, చెట్టు నరికి కట్టుకోవాలి. అన్నయ్య ముందు రేవు కట్టాడు. "రేవు లేకుండా ఊరేటే?" అన్నాడు. తరవాత అయ్యకి వలల పాక. తరవాత కొండ మీద నీ మేడ. నీ కలలో మెట్లు నిజంగానే ఉన్నాయమ్మా, తెల్లరాతివి, రేవు నుంచి నీ గుమ్మం దాకా. వాటికి రాయి మొయ్యటం నా పని. మెట్టు మెట్టుకీ దీపం పెట్టాడు. మేడకి ముందు గోడే లేదు, గోడ బదులు అద్దం. ఇంట్లో నిలబడితే సముద్రమంతా కనిపిస్తుంది. కొండ వెనక గోధుమ చేను. అది నేను వేశాను.

ఒక సంగతి నీకు చెప్పలేదు. ఆ ఊళ్ళో ఎవరైనా ఉంటేనే కాలం నడుస్తుంది. మనం మూసేస్తే అన్నీ ఉన్నచోటే ఆగిపోతాయి. మేకలు అడుగు వెయ్యవు, చేను ఎదగదు, పొద్దు కుంకదు. మళ్ళీ తెరిచిన క్షణం నుంచే కదులుతుంది. చివరిసారి అన్నయ్య మూసినప్పుడు సాయంత్రం. సూర్యుడు నీళ్ళకి బెత్తెడు పైన ఉన్నాడు. అన్నయ్య పడవని రేవులో ఆపి, తన బొమ్మని మెట్ల కింద నిలబెట్టి మూశాడు. ఇప్పటికీ అక్కడ అదే సాయంత్రం. వాడు అక్కడే నిలబడి ఉన్నాడు.

అందుకే తొందర లేదన్నాను.

ఈశ్వర్ గారు మన ఊరు సముద్రం ఒడ్డున అని తెలిసి చాలా చెప్పారు. అటు నుంచి వచ్చే బోర్డులు పచ్చగా చిలుం పట్టి ఉంటాయట. ఉప్పు రాగిని తినేస్తుందట, ఉప్పు తేమ పీల్చి మరీ తింటుందట. వర్షాలు పడుతున్నాయి, సామాన్లని ఉప్పుగాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బీరువాలో పెట్టు. గాలికే అంత భయపడుతున్నారాయన.

దేవి.

•

గుల్లపేట,
జులై.

బుల్లీ,

నేను వాటిని ఉప్పులో పెట్టాను.

గాలి కాదు, ఉప్పే. మనింట్లో ఎండుచేపల పెద్ద జాడీ ఉంది కదా, అందులో. కింద ఒక వరస కల్లుప్పు, దాని మీద ఇటుక, మళ్ళీ ఉప్పు, పలక, మళ్ళీ ఉప్పు, పైన ఆ చిన్నది. వాడి పాత లుంగీలో చుట్టి పెట్టాను. పెట్టే ముందు చాప మీద వేసి ఎండబెట్టాను కూడా. కాకి ముట్టకుండా కాపలా కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఏది నిలవ చేసినా ఉప్పులోనే చేశాను బుల్లీ. చేప కుళ్ళకుండా ఆపేది అదే కదా. చాలా కాలం నిలవాలనుకున్నాను.

నీ ఉత్తరం చదివి పరిగెత్తి జాడీ తీశాను. వానలకి ఉప్పు చెమ్మగిల్లి ముద్దయిపోయింది. అడుగున నీరు చేరింది. లుంగీ తడిసిపోయింది. పలక మీద నువ్వు రాసిన పచ్చ చిలుమే. ఇటుకకి తుప్పు. చిన్నదాన్ని తుడిచి తుడిచి చూశాను, దాని పళ్ళ మీద తెల్లగా ఏదో కట్టింది.

మీ అయ్య వచ్చి చూశాడు. "పెద్దోడ్ని రెండోసారి ముంచేసినావే" అన్నాడు. అని, జాడీ పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడిచాడు. కార్తీకంలో కూడా ఆయన ఏడవలేదు. నేను ఆయన తల పట్టుకుని కూర్చున్నాను. నాకు కన్నీళ్ళు రాలేదు.

రేపు దాలయ్య విజయనగరం చేపల బేరానికి వస్తున్నాడు. అన్నీ మూటకట్టి అతనితో పంపుతున్నాను. మేడ పోయిందేమో చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు.

అమ్మ.

•

విజయనగరం,
జులై.

అమ్మా,

ముందే చెప్తున్నాను, మేడ ఉంది. ఇక నెమ్మదిగా చదువు.

దాలయ్య మావ షాపు ముందు ఆటో ఆపి, "అమ్మీ, మీ యమ్మ సరుకు పంపింది, తూకం ఎయ్యమన్నావా?" అని మూట దింపాడు. ఈశ్వర్ గారు బల్ల మీద విప్పితే జలజలా ఉప్పు. దానితో పాటు ఒక ఎండు కవ్వలి చేప కూడా పడింది. ఆయన మదర్‌బోర్డుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇదేటమ్మా, ఊరగాయ పెట్టినారా?" అన్నారు. నాకు కోపం రావాలి. నిజంగా చాలా కోపంతోనే ఉన్నాను. కానీ ఆ కవ్వలిని చూశాక నవ్వు వచ్చిందమ్మా. ఆపుకోలేకపోయాను. బల్ల మీద తల పెట్టి నవ్వాను. అన్నయ్య ఉంటే పొర్లి పొర్లి నవ్వేవాడు, సంవత్సరమంతా నిన్ను ఏడిపించేవాడు. అది అనుకోగానే నవ్వు ఏడుపయింది. ఈశ్వర్ గారు షట్టరు సగం దించి, టీ తెప్పించారు.

బోర్డు పోయింది. ఎస్ఎంపీఎస్ పైకి పనిచేస్తున్నట్టే ఉంటుందేమో గానీ దాన్ని నమ్మి మిగతావి తగిలించకూడదన్నారు. డిస్కు పళ్ళని స్పిరిటుతో బ్రష్షు పెట్టి ఆయనే శుభ్రం చేశారు. మొదట కంప్యూటరు దాన్ని గుర్తించలేదు. మళ్ళీ తోమారు. నేను బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాను. కాసేపటికి ఆయన పిలిచారు. ఊరి పేరుతో ఉన్న ఫైలు కనిపించింది. అన్నయ్య దానికి పెట్టిన పేరు "అమ్మ రేవు". తెరవలేదు. ఇంకో రెండు చోట్ల కాపీ తీసి పెట్టాం. ఇక అది ఎక్కడికీ పోదు.

అదే సాకెట్ ఉన్న, ధర తక్కువ బోర్డు చూశాను. దానికి ర్యామ్ చోట్లు రెండే, పోనీలే. ఎస్ఎంపీఎస్ మాత్రం అన్నయ్య ఏరిందే మళ్ళీ తీసుకుంటున్నాను, అక్కడ తగ్గించను. డబ్బు సరిపోవటానికి తెర ఇంకా చిన్నది తీసుకుందాం.

నిలవటం గురించి ఈశ్వర్ గారు ఇంకో మాట చెప్పారు. సముద్రం పక్కన మూసిపెట్టిన కంప్యూటరే ముందు చచ్చిపోతుందట. రోజూ కాసేపు వేస్తే లోపలి వేడికి తేమ ఆరిపోతుందట. "దాస్తే పోతుంది, వాడితే ఉంటుంది. మీ అమ్మగారికి సెప్పు" అన్నారు.

నీ మీద కోపం పోయింది. అయ్యకి చెప్పు, ఎవరూ మునగలేదని.

దేవి.

•

గుల్లపేట,
ఆగస్టు.

బుల్లీ,

నీ ఉత్తరం మీ అయ్యకి చదివాను. మేడ ఉందన్నది మళ్ళీ చదవమన్నాడు. కవ్వలి సంగతి దగ్గర ఆయన ముఖం కొంచెం విచ్చుకుంది.

కానీ నాకు ఒక భయం పట్టుకుంది. తెరిస్తే కాలం నడుస్తుందన్నావు. మెట్ల కింద నా కొడుకు నిలబడి ఉన్నాడు, వాడి మీద సాయంత్రం ఎండ పడుతోంది. మనం తెరిస్తే ఆ ఎండ పోతుంది కదా. పొద్దు కుంకిపోతుంది కదా. వాడు అక్కడ చూసిన ఆఖరి పొద్దు అది, దాన్ని మన చేతులతో ముంచేస్తామా?

ఏదీ కదపకుండా చూపించటానికి వీలుందేమో ఆలోచించు. ఫొటోలా. నేను ఒక్కసారి చూస్తాను, వెంటనే మూసేద్దాం. మేకని కూడా తోలొద్దు. వాడు ఎలా వదిలాడో అలాగే ఉండాలి. కంప్యూటరు పూర్తయినా సరే, ఆ ఊరు మాత్రం అలాగే ఉంచేద్దాం. ఇంకేమీ అడగను.

అమ్మ.

•

విజయనగరం,
ఆగస్టు.

అమ్మా,

వీలు లేదు.

చూడాలంటే తెరవాలి. తెరిస్తే కదులుతుంది. అక్కడ ఉత్తినే చూడటం అంటూ లేదు. నాకూ నీ భయమే, మార్చి నుంచీ అదే. అందుకే పరీక్షలన్నాను, పని అన్నాను, ఇంటికి రాలేదు. నీ జాడీ చూశాక నాకు తెలిసింది, నేను చేస్తున్నదీ అదేనని. నువ్వు ఉప్పులో పెట్టావు, నేను మనసులో పెట్టాను. రెండిటికీ చిలుమే పట్టింది.

నువ్వు వద్దంటే తెరవను. నీ మేడ, నీ ఇష్టం. కానీ అన్నయ్య అది నువ్వు కుడికాలు పెట్టాలని కట్టాడు, దాచాలని కట్టలేదు.

కంప్యూటరు బిగించేశాను. వచ్చే శనివారం రైల్లో తెస్తున్నాను. ఆమదాలవలస స్టేషనుకి అయ్యని పంపు. బరువుగా ఉంటుంది.

దేవి.

•

గుల్లపేట,
సెప్టెంబరు.

నా బుల్లీ,

నువ్వు రైలెక్కి వెళ్ళిపోయాక ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు "తెరవనా అమ్మా?" అని అడిగినప్పుడు నేను తలూపానో లేదో నాకే తెలియదు. మీ అయ్యే అన్నాడు, "తెరువు" అని. ఆ తరవాత తెర మీద ఆ ఎండ. అబ్బ, ఎంత మెత్తటి ఎండ బుల్లీ! నీళ్ళ మీద పసుపు కలిపినట్టు. మెట్ల కింద వాడి బొమ్మ. చొక్కా ఎర్రది. నేను తెర దగ్గరికి వెళ్ళిపోతే నువ్వు పక్కకి జరిగావు. చూస్తుండగానే ఎండ తగ్గింది. సూర్యుడు నీళ్ళల్లోకి దిగాడు. నేను నీ చెయ్యి పట్టుకున్నాను, గట్టిగా పట్టుకున్నట్టున్నాను, గోళ్ళు దిగాయా? చీకటి పడిపోయింది, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు మెట్ల మీద ఒక్కొక్క దీపం కనిపించింది. కింద నుంచి పై దాకా. అవి చీకట్లోనే కనపడతాయని నాకేం తెలుసు? పొద్దు కుంకకపోతే వాడు పెట్టిన దీపాలు నేను చూసేదాన్నే కాదు.

మీ అయ్య తలుపు దగ్గర నిలబడి అన్న మాట గుర్తుందా? అంతా చూసి, "ఆ పడవకి లంగరేదే?" అన్నాడు. "అక్కడ పడవ కొట్టుకుపోదయ్యా" అన్నావు నువ్వు. "కొట్టుకుపోదా?" అన్నాడు. "పోదు. ఎక్కడుంచితే అక్కడే ఉంటాది." ఆయన వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఇక లేవలేదు, ఆ ఊళ్ళో తెల్లవారే దాకా.

అక్కడ తెల్లారటం నేను మర్చిపోను. మీటలు నొక్కి మెట్లెక్కించి, మేడలో అద్దం ముందు నిలబెట్టావు నన్ను. సముద్రం, చప్పుడు లేకుండా. నువ్వు నా కోసమని చప్పుడు తీసేశావు కదా. అంత నీలం నీళ్ళు, ఒక్క పిసరు హోరు లేదు, అది చూస్తుంటే మూగవాళ్ళని చూసినట్టు జాలేసింది. "సౌండెట్టు" అన్నాను. నువ్వు నా ముఖం చూశావు. "ఎట్టవే, పరవానేదు" అన్నాను. పెట్టావు. అంత భయపడ్డానా, అది మన వెనక కిటికీలో వినపడే చప్పుడే. మర్నాడు గోనె విప్పేశాను. ఇంకా రేవుకి వెళ్ళలేదు. కిటికీ అయితే తెరిచాను.

నువ్వు వెళ్ళాక ఈశ్వర్ గారు చెప్పినట్టు రోజూ వేస్తున్నాను. మధ్యాన్నం వంటయ్యాక. నువ్వు తెల్ల స్టిక్కరు అంటించిన మీట నొక్కి ముందుకి నడుస్తాను. వెనక్కి తిరగటం ఇంకా రాలేదు, గోడకి కొట్టుకుంటాను. తాతమ్మ వచ్చి చూసి, "ఇక్కడ నడిసినా మోకాలు నొప్పెట్టదేటే, నన్ను కూడా ఓ పాలి తీసుకెళ్ళు" అంది. తీసుకెళ్ళాను. నేను నడుస్తుంటే నా వెనకే ఒక మేక వచ్చింది. గోధుమ చేను పండింది బుల్లీ. పచ్చగా ఉన్నది బంగారం రంగు తిరిగింది. కొయ్యటం తెలియక అలా చూస్తూ నిలబడ్డాను.

ఊరంతా తిరిగాను. రేవు ఉంది. మీ అయ్య పాక ఉంది. నా మేడలో నా మంచం ఉంది. వాడు పడుకునేది పడవలో. నీ ఇల్లు ఏదీ అని వెతికాను. కొండ వెనక చూశాను, చేను దగ్గర చూశాను. ఎక్కడా లేదు. నీకు ఫోను చేసి అడిగితే, "నాకు ఇల్లెందుకమ్మా, నేను అన్నయ్య ఎనకాలే తిరిగేదాన్ని" అన్నావు. ఈసారి ఊరుకున్నది నేనొక్కదాన్నే.

రాయి మోసింది నువ్వు. చేను వేసింది నువ్వు. మెట్టు మెట్టుకీ నీ చెయ్యి పడింది. నీకక్కడ తల దాచుకునే చోటు లేదు. నా ఉత్తరాలు తలుచుకున్నాను. మేడ ఎలా ఉంది, వాడు ఎక్కడ నిలబడ్డాడు, సామాన్లు నిలుస్తాయా, ఇవే అడిగాను. నువ్వు ఎలా ఉన్నావని ఒక్కదాంట్లోనూ అడగలేదు. వాడు పోయిన రోజు నీకూ అన్న పోయాడు. నాకు అది కూడా తోచలేదు తల్లీ.

నీకు ఇల్లు కట్టుకో. నా మేడ పక్కన, మెట్లు ఎక్కగానే ఎడమ చేతివైపు చదునుగా ఉంది, అక్కడ. పెద్దది కట్టుకో. మీ అన్న ఎలా కట్టేవాడో అని ఆలోచించకు, నీకెలా కావాలో అలా కట్టు. కిటికీలు ఎటు పెట్టుకుంటావో నీ ఇష్టం. అవసరమైతే నా మేడ గోడ ఒకటి కొట్టి ఆ రాయి వాడుకో, నేనేమీ అనుకోను. వాడు ఎలా వదిలాడో అలాగే ఉండాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాయి నేను మోస్తాను. ఎలా మొయ్యాలో, ఏ మీట నొక్కాలో రాసి పంపు.

ఎప్పుడొస్తావో చెప్పు. మీ అయ్య స్టేషనుకి వస్తాడు. నువ్వెలా ఉన్నావో రాయి. బాగోలేకపోతే బాగోలేదనే రాయి.

హాస్టలు కూర బాగోలేదని మజ్జిగతో సరిపెట్టకు. పొద్దున్న టిఫిను మానకు. రెండు పూటలా కడుపు నిండా తిను, బుల్లీ.

అమ్మ.